తలుపు లేని కొట్టుకు తాళం

వేగులవలస కోర్టు అమీనా బూరాడ తవిటినాయుడికి ఇరవై ఆరేళ్ళ నౌకరీలో ఒక్క శత్రువు కూడా లేడు. అమీనాకు ఇది మామూలు సంగతి కాదు. సమన్లు పట్టుకెళ్ళి చేతికివ్వడం, డిక్రీ పడ్డవాణ్ణి ఇంట్లోంచి ఖాళీ చేయించడం అమీనా పని. అలాంటి పని చేసేవాణ్ణి చూసి ఊళ్ళో నవ్వుతూ పలకరించేవాళ్ళు తక్కువ. తవిటినాయుణ్ణి మాత్రం అందరూ పలకరించేవాళ్ళు. దానికి కారణం తన మంచితనమేనని అతను చాలాకాలం నమ్మాడు. అసలు కారణం, అతను ఎక్కడికీ వెళ్ళకపోవడం.

కోర్టు గేటు పక్కన ఉన్న టీ దుకాణంలో గోడవైపు బల్ల అతనిది. పొద్దున్నే సంచీలోంచి కాగితాలు తీసి, ఒక్కొక్క దాని వెనకా ఒకే రిపోర్టు రాసేవాడు. “వెళ్ళితిని. తాళం వేసియున్నది. చుట్టుపక్కల వారిని విచారించగా తెలియదనిరి. తలుపుకు అంటించి వచ్చితిని.” పాత అమీనా దగ్గర నేర్చుకున్న వాక్యాలవి. ఎక్కడా అక్షరం మార్చలేదు. ఎన్నిసార్లు రాసినా చెయ్యి నొప్పి పుట్టేది కాదు, మనసు సంగతి అతను అడగలేదు.

ఆ రిపోర్టు పదకొండుసార్లు అందుకున్న మనిషి బోనెల పైడమ్మ. ఆమె భర్త పోయాక, బజార్లో ఉన్న పిండిమర గదిని టైర్ల వ్యాపారికి ఒక్క ఏడాదికని అద్దెకిచ్చింది. ఏడాది దాటినా అతను కదల్లేదు. ఆవిడ కోర్టుకెక్కింది, గెలిచింది. గెలిచి తొమ్మిదేళ్ళయింది. టైర్లు దొర్లించడానికి అడ్డమని వ్యాపారి గది తలుపులు పీకించేశాడు, ఇప్పుడక్కడ ఉన్నది గోనెపట్టా. దాని వెనక, టైర్ల కింద ఎక్కడో, ఆవిడ పిండిమర ఉంది. ఖాళీ చేయించమని కోర్టిచ్చిన వారంటు ప్రతిసారీ తవిటినాయుడి సంచీలోకి వెళ్ళేది, ప్రతిసారీ తాళం వేసి ఉండేది.

“బాబూ, ఆ కొట్టుకి తలుపేటి? గోనెపట్టా కదా! దేనికి తాళమేసినారు?” అని ఆవిడ ఒకసారి నాజరు గారినే అడిగింది.

నాజరు అంటే అమీనాల మీద అధికారి. వేగులవలస నాజరు లక్ష్మణ పట్నాయక్ గారు ఫైలు తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, సావకాశంగా చదివి చెప్పారు. “రికార్డు ప్రకారం తాళం ఉందమ్మా. తాళం ఉందంటే తలుపు ఉన్నట్టే. సదరు తలుపు లేదని తమరు నిరూపించదలిస్తే వేరే దరఖాస్తు పెట్టుకోవచ్చు.”

పైడమ్మ దరఖాస్తు పెట్టలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఇప్పుడు నడుస్తున్న వారంటు పన్నెండోది, ముప్పయ్యో తారీఖుతో గడువు తీరిపోతుంది. ఈసారి కూడా తీరిపోతే మళ్ళీ మొదటినుంచీ తిరగాలి. “ఇంకోపాలి తిరగలేను నాయుడుబాబూ, మోకాళ్ళు ఒప్పుకోవు,” అని ఆవిడ తవిటినాయుడితో చెప్పింది. అతను “సూద్దాం లేమ్మా” అన్నాడు. ఆ మాట కూడా ఇరవై ఆరేళ్ళ పాతదే.

ఇలా అంతా సవ్యంగా సాగుతున్న కోర్టుకు, ‘బహుదేశ న్యాయ సిబ్బంది సామర్థ్య వికాస పథకం’ వచ్చిపడింది. పథకాన్ని తెచ్చినవారు సమన్వయకర్త డాక్టర్ విభాకర్ గారు. ఆయన వెంట ఒక విదేశీ అమీనా కూడా వచ్చాడు. పేరు యోహాన్. ఏ దేశమో విభాకర్ గారు మొదట్లో చెప్పారు గానీ, మైకు పనిచెయ్యకపోవడంతో ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అడిగితే బాగుండదని అందరూ ఊరుకున్నారు.

“మిత్రులారా! అమీనా అంటే కాగితం మోసే మనిషి కాదు. న్యాయ ఫలాన్ని పౌరుడి గుమ్మం దాకా చేర్చే చిట్టచివరి అనుసంధాన బిందువు!” అన్నారు విభాకర్ గారు.

అనుసంధాన బిందువులు ఆరుగురు చప్పట్లు కొట్టారు. తవిటినాయుడు మరీ గట్టిగా కొట్టాడు. పథకంలో మేలుగా రాణించిన వారిని పైదేశానికి పంపుతారని తెలిసి అతను ముందురోజే పెట్టె కొలతలు వాకబు చేశాడు. పక్కవీధికే వెళ్ళనివాడు విమానానికి ఎందుకు అంత తహతహలాడాడో తర్వాత తలుచుకుంటే అతనికే నవ్వొచ్చేది.

అయిదు రోజుల్లో నాలుగు దేశాల పద్ధతులు నేర్పారు. ఒక దేశంలో అమీనా తెల్లటి చేతిజోళ్ళు తొడుక్కుని మూడుసార్లు తలుపు తడతాడు. ఇంకో దేశంలో, ఖాళీ చేయించే ముందు అవతలి మనిషికి గ్లాసుడు మంచినీళ్ళిస్తాడు. మరోచోట అవతలి మనిషి హక్కులన్నీ పైకి చదివి వినిపిస్తాడు. నాలుగో దేశంలో, పని అయ్యాక “మీ సహకారానికి కృతజ్ఞతలు” అని వంగి చెబుతాడు. వీటిలో ఏది మంచిదో తేలకపోవడం వల్ల నాలుగూ కలిపి ‘సమగ్ర విధానం’ అని ఖాయం చేశారు.

మూడోరోజు మధ్యాహ్నం యోహాన్ తవిటినాయుడి పక్కన కూర్చుని ఏదో అడిగాడు. విభాకర్ గారు తెలుగు చేశారు. “మీ దగ్గర తీర్పు వచ్చాక తలుపు తెరుచుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడుగుతున్నారు.”

తవిటినాయుడి చూపు ఎందుకో వరండా బెంచీ మీదికి పోయింది. అక్కడ పైడమ్మ వేరుశెనక్కాయలు ఒలుచుకుంటోంది. అతను గొంతు సవరించుకుని, “అదీ... తలుపును బట్టి ఉంటాదండి,” అన్నాడు.

విభాకర్ గారు దాన్ని పావుగంటసేపు విదేశీ భాషలో చెప్పారు. యోహాన్ పుస్తకంలో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో గానీ, మళ్ళీ తవిటినాయుడి వంక చూసినప్పుడు అతని ముఖంలో పాత నవ్వు లేదు. అమీనాకు అమీనా సంగతి ఏ దేశంలోనైనా తెలిసిపోతుందేమోనని తవిటినాయుడు ఒకటికి రెండుసార్లు ముఖం తుడుచుకున్నాడు.

నాలుగోరోజు ప్రయోగ పాఠం. ఒక ఉత్తుత్తి కేసు నడిపి, దావా దగ్గర్నుంచి డిక్రీ దాకా చూపాలి. వాది కావాలంటే, కనబడిన మనిషి పైడమ్మే. తవిటినాయుడే కాగితం తీసుకెళ్ళాడు.

“ఇది నా పిండిమర కాగితమేటి బాబూ?”

“కాదమ్మా. ఇది ఆట. సంతకం పెట్టీ.”

“ఆటా?” అంది పైడమ్మ, కళ్ళు చికిలించి. “మరి తొమ్మిదేళ్ళుగా ఆడతన్నదేటి?”

తవిటినాయుడు సంతకం చోటు చూపించాడు. ప్రతివాదిగా పట్నాయక్ గారు ముందుకొచ్చారు. ఆస్తి కావాలి, దానికి నాలుగు హద్దులు కావాలి. హద్దులతో సహా గీసి ఉన్న పటం ఆ హాల్లో ఒక్కటే, గోడకు తగిలించిన కోర్టు భవనం ప్లాను. దాన్నే ఎత్తి రాశారు. తూర్పు జైలు రోడ్డు, పడమర సబ్ రిజిస్ట్రారు ప్రహరీ, ఉత్తరం స్కూటర్ స్టాండు, దక్షిణం నూతి దిబ్బ.

కంప్యూటరులో నంబరు వేస్తే తప్ప సమన్లు అచ్చు కావు. నంబరు వెయ్యాలంటే కేసు ఏ రకమో చెప్పాలి. అందులో సివిలుంది, క్రిమినలుంది, ఉత్తుత్తి లేదు. సివిలని వేశారు.

సమన్లు పట్నాయక్ గారికి అందించే పని తవిటినాయుడికి పడింది. ఆయన పది అడుగుల దూరంలో, ఫ్యాను కింద కూర్చుని ఉన్నారు. తవిటినాయుడు సమన్లు తీసుకున్నాడు, సంచీలో పెట్టుకున్నాడు, అలవాటు ప్రకారం టీ దుకాణానికి వెళ్ళాడు. వచ్చేసరికి రిపోర్టు తయారు. “వెళ్ళితిని. తాళం వేసియున్నది...”

పేరు పిలిచారు. సమన్లు అందని ప్రతివాది పలకకూడదు కాబట్టి పట్నాయక్ గారు నియమనిష్ఠలతో పలకలేదు. ఏకపక్షంగా డిక్రీ అయిపోయింది. ఆ కోర్టుకు అప్పట్లో సొంత జడ్జిగారు లేరు. పక్క ఊరి జడ్జిగారు మంగళవారం మంగళవారం వచ్చి గుట్టలు గుట్టలుగా సంతకాలు చేసి వెళ్ళేవారు. ఆ గుట్టలో ఇదీ వెళ్ళింది, ఇదీ తిరిగొచ్చింది. ఇంత వేగంగా తెగిన కేసు ఆ భవనం పుట్టాక లేదని అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు. వెళ్ళేముందు యోహాన్ తన తెల్ల చేతిజోళ్ళు తీసి తవిటినాయుడి చేతిలో పెట్టాడు.

మనుషులు మరిచిపోయారు, కంప్యూటరు మరిచిపోలేదు. డిక్రీ అయిన పద్దెనిమిదో రోజున పైనుంచి తాఖీదు వచ్చింది. ‘పథకం కింద వెలువడిన డిక్రీ ఇరవై ఒక్క రోజుల్లో అమలు కాని యెడల, సదరు కోర్టు సిబ్బంది యావన్మందికీ తిరిగి అయిదు రోజులు శిక్షణ ఇవ్వబడును. మినహాయింపులు కోరరాదు.’

తిరిగి శిక్షణ అన్న మాట చదివి పట్నాయక్ గారు చెమటలు తుడుచుకున్నారు. వెంటనే ఆ ఉత్తుత్తి డిక్రీకి వారంటు తీయించి, దాని వెనక ఎర్ర సిరాతో రాశారు. “ప్రతివాది ఎంతటివారైనను ఉపేక్షించరాదు. తక్షణం ఖాళీ చేయించి వాదికి స్వాధీనపరచవలెను.” కింద సంతకం చేశారు. ముందువైపు ఏముందో ఆయన చదవలేదు. చదివి సంతకం చేసే అలవాటు ఆ ఆఫీసులో ఎవరికీ లేదు.

తవిటినాయుడు చదివాడు. చదివి, “బాబూ, తాళం వేసి ఉందని రాసీమంటారా?” అని అడిగాడు.

“కుదరదయ్యా. ఇప్పుడు ఫోన్లో ఫొటో తీసి పంపాలి. ఆ చోటుకి వెళ్ళి తీస్తే గానీ ఫోను ఒప్పుకోదు. కొత్త పద్ధతి.”

తవిటినాయుడు ఫోను తీశాడు. ‘మీరు సరైన చోటనే ఉన్నారు’ అంది ఫోను. నౌకరీలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు.

అప్పుడతనికి ఏం పూనిందో చెప్పడం కష్టం. విమానం ఆశ కొంత, ఆ ఫోను మెచ్చుకోలు కొంత. బయటికొచ్చి చేతిజోళ్ళు తొడుక్కున్నాడు. తెరిచే ఉన్న నాజరు గది తలుపు మీద మూడుసార్లు కొట్టాడు.

“ఏమిటయ్యా ఈ వేషం?”

“నమస్కారమండి. ప్రతివాది లక్ష్మణ పట్నాయక్ అంటే తమరేనా?”

“ఏంటా ప్రశ్న? నీకు సెలవులిచ్చేది ఎవరు?”

“అవునన్నారని రాసుకుంటన్నానండి. ముందు ఈ మంచినీళ్ళు పుచ్చుకోండి.” గ్లాసు చేతికిచ్చి, హక్కులు చదవడం మొదలుపెట్టాడు.

నాలుగో హక్కు దగ్గర పట్నాయక్ గారికి విషయం అర్థమైంది. “ఇది ఉత్తుత్తి కేసయ్యా!”

“ఆ మాట కంప్యూటర్లో లేదండి.”

“నేను ఒప్పుకోను. ఎవరిచ్చారు నీకు ఉత్తర్వు?”

తవిటినాయుడు వారంటు తిప్పి ఎర్ర సిరా చూపించాడు. పట్నాయక్ గారు తన సంతకాన్ని చాలాసేపు చూశారు. అది తనదే అయ్యేసరికి, ధిక్కరించే ధైర్యం ఆయనకు చాల్లేదు. లేచి టిఫిన్ డబ్బా, గొడుగు తీసుకున్నారు. వెనకే గుమాస్తాలు, టైపిస్టు, రికార్డు కీపరు బయటికి నడిచారు. తవిటినాయుడు గుమ్మం దగ్గర నిలబడి అందరికీ వంగి, “మీ సహకారానికి కృతజ్ఞతలు,” అన్నాడు. ఫొటో తీశాడు. తాళంచెవులు పైడమ్మ చేతిలో పెట్టాడు.

“ఇదేటి బాబూ? నానడిగింది పిండిమర కదా!”

“ఇది కూడా నీదేనమ్మా. డిక్రీ ఉంది.”

పైడమ్మ తాళంచెవుల గుత్తి బరువు చూసింది. వేరుశెనక్కాయల సంచీ చంకన పెట్టుకుని లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.

ఆ రోజు ఇరవై ఎనిమిదో తారీఖు. డిక్రీ కొట్టెయ్యమని పిటిషన్ వేద్దామంటే కాగితాలు, సీళ్ళు, కంప్యూటరు అన్నీ లోపలే. ఫోను చేస్తే జడ్జిగారు, నంబరు లేని పిటిషన్ చూడడం చట్టం కాదన్నారు. పై ఆఫీసువాళ్ళు, డిక్రీ అమలైనందుకు అభినందనలు తెలిపి ఫోను పెట్టేశారు. మర్నాడు వేగులవలస కోర్టు స్కూటర్ స్టాండులో కొలువు తీరింది. పట్నాయక్ గారు ఒక గుమాస్తా బండి మీద కూర్చుని, బజార్లో టైపు చేయించిన నోటీసు ఒకటి తవిటినాయుడి చేతికిచ్చారు. “సదరు స్త్రీ భవనాన్ని బేషరతుగా ఖాళీ చెయ్యాలి. వెళ్ళి అందించు. టీ దుకాణం వైపు వెళ్ళావంటే ఊరుకోను.”

తవిటినాయుడు కోర్టు తలుపు మూడుసార్లు తట్టాడు. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

“అమ్మా పైడమ్మా! నోటీసుందమ్మా, తలుపు తియ్యి.”

లోపల్నుంచి నిదానంగా జవాబొచ్చింది. “ఇంట్లో ఎవులూ లేరు బాబూ. తాళమేసుంది.”

“లోపల్నించి నువ్వే మాటాడతన్నావు కదా!”

“సుట్టుపక్కలోల్ని అడుగు. తెల్దంటారు. మరి తలుపుకి అంటించీసి ఎల్లిపో నాయుడుబాబూ. దీనికి తలుపుందిలే.”

ఆవిడ గొంతులో కోపం లేదు, వెటకారం కూడా పెద్దగా లేదు. ఎన్నోసార్లు చదివించుకుని కంఠతా వచ్చిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. తవిటినాయుడు నోటీసు అంటించడానికి సంచీలో చెయ్యి పెట్టాడు. జిగురు లేదు. ఎప్పుడూ లేదు. ఎన్నో వందల తలుపులకు కాగితాలు అంటించిన మనిషి దగ్గర జిగురు సీసా అన్నదే లేదు. అతనికి సిగ్గేసింది. అందరూ చూస్తున్నారని కాదు, ఆ సంగతి తనకు ఇప్పటిదాకా తట్టనందుకు.

చేతికి తగిలింది జిగురు కాదు, మడతపెట్టిన కాగితం. పైడమ్మ పన్నెండో వారంటు. దాని వెనక రిపోర్టు అప్పటికే రాసి ఉంది, తారీఖు ఒక్కటే ఖాళీ. గడువుకు ఒక్కరోజుంది.

అతను బజారు వైపు నడిచాడు. దారి అడగాల్సి వచ్చింది.

టైర్ల వ్యాపారి గోనెపట్టా పక్కకు తీసి తల బయటపెట్టాడు. “ఎవులు కావాలండి?”

“నేను కోర్టు అమీనాని.”

“మీరేనా!” వ్యాపారి అతణ్ణి కిందికీ పైకీ చూశాడు. “తొమ్మిదేళ్ళయింది కదండి! అప్పుట్లో డిక్రీ అయిందని తెలిసి నాను సామానంతా కట్టీసినాను. ఇయ్యాల వస్తారు, రేపు వస్తారని పది రోజులు సూసినాను. మీరు రాలేదు. సరే, కోర్టోలికే అక్కర్లేనిది నాకెందుకని మళ్ళీ ఇప్పీసినాను.”

తవిటినాయుడు పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఆ గదికి అడ్డం వ్యాపారే అనుకున్నాడు, చట్టమే అనుకున్నాడు, ఒక్కోసారి పైడమ్మ జాతకం అనుకున్నాడు. అడ్డం పడుకున్నది తనే. మంచినీళ్ళ గ్లాసు, హక్కులు, కృతజ్ఞతలు ఏవీ అతనికి గుర్తు రాలేదు. చేతిజోళ్ళు జేబులో కుక్కి వ్యాపారితో పాటు టైర్లు దొర్లించాడు. గంటన్నర పట్టింది. అడుగున, దుమ్ము కొట్టుకుని, పిండిమర కనబడింది.

కబురు వినగానే పైడమ్మ గడియ తీసింది. తాళంచెవులు పట్నాయక్ గారి చేతిలో పెట్టి, “మీ ఫ్యాను ఒకటి కీచుమంటంది బాబూ, సూసుకోండి,” అని బజారు వైపు వెళ్ళిపోయింది.

పథకం వాళ్ళు ఎంతో సంతోషించారు. పైదేశానికి పట్నాయక్ గారిని ఎంపిక చేశారు. ఖాళీ చేయించే అధికారిగానూ ఖాళీ చేయించబడిన ప్రతివాదిగానూ ఉభయ అనుభవం ఉన్న వ్యక్తి నాలుగు దేశాల్లోనూ దొరకలేదట. తవిటినాయుడికి ఆశ్చర్యం వెయ్యలేదు. పెట్టె కొననందుకు మాత్రం లోలోపల సంతోషించాడు.

అతని తంటా వేరే ఉంది. పైడమ్మ వారంటు వెనక పాత రిపోర్టు కొట్టేసి, కింద కొత్తది రాశాడు. రెండే ముక్కలు. “వెళ్ళాను. ఉన్నారు.”

పట్నాయక్ గారు దాన్ని తిప్పి తిప్పి చూశారు. “ఇదేం రిపోర్టయ్యా? కంప్యూటర్లో తాళం ఉంది, ఇంట లేరు ఉంది, నిరాకరించారు ఉంది. ఉన్నారు అనేది లేదు. నమూనా ప్రకారం తిరగరాసి పట్రా.”

“అబద్ధం అవుతాది కదండి.”

“నిజం ఎక్కడ ఎక్కించమంటావు? చోటు లేదు.”

మూడు రోజులు ఆ కాగితం బల్ల మీంచి బల్ల మీదికి తిరిగింది, ఎక్కడా దిగలేదు. నాలుగోరోజు పొద్దున్న తవిటినాయుడు టీ దుకాణం దాటుకుని బజారుకెళ్ళాడు. పిండిమర ఆడుతోంది. పైడమ్మ కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి.

“కాస్త పిండి పెడతావేటమ్మా? ఒక్క గుప్పెడు.”

“దేనికి బాబూ?”

“జిగురు కాయాల.”

ఆవిడ దోసిలి నిండా పోసింది. తవిటినాయుడు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి నీళ్ళలో కలిపి ఉడికించి, వేడి చల్లారకముందే కోర్టుకు తెచ్చాడు. ఆ రిపోర్టు కాగితానికి రెండోవైపు పలచగా పూసి, రాసిన రెండు ముక్కలూ పైకి వచ్చేట్టు కోర్టు తలుపు మీద, అందరికీ కనబడేంత ఎత్తులో పెట్టి, నాలుగు మూలలూ అరచేత్తో అదిమాడు.

ఇరవై ఆరేళ్ళ నౌకరీలో తవిటినాయుడు నిజంగా ఒక తలుపుకు కాగితం అంటించడం అదే మొదటిసారి.